పండక్కి మగ్గని మొగ్గ

"జాడీలు తీస్తే గానీ టర్కీ కోడి బల్ల మీదికి రాదు," అంది మెడో నాలుగోసారి.

"తీస్తే వెలుతురు పోతుందమ్మా. ఫొటోలు ఇంకా అవలేదు," అంది కెండల్. అదీ నాలుగోసారే.

మటోల్ నది మీది కొండల్లో పొద్దుటి నుంచీ వాన. ఇంట్లో వెలుతురంటూ ఏదైనా ఉంటే అది కిటికీ పక్కనున్న భోజనాల బల్ల మీదే ఉంది. అక్కడ ఐదు గాజు జాడీలు, పిలవకముందే వచ్చి కూర్చున్న చుట్టాల్లా, వరసగా బైఠాయించాయి. ఒక్కో దాంట్లో ఈ ఏడు పండిన గంజాయి మొగ్గలు ఒక్కో రకానివి. ప్రతి జాడీ మెడకీ ఎర్ర రిబ్బను.

నవంబరు నెలాఖరు పండగ, థ్యాంక్స్‌గివింగ్. భోజనం మూడింటికి. నాలుగింటికల్లా నగరంలోని గంజాయి దుకాణానికి కెండల్ జవాబు పంపాలి. క్రిస్మస్ అరలో చిన్న రైతులకి ఇంకా ఒక్క చోటే మిగిలింది. ఏ రకం పంపుతున్నారు, దాని పేరేమిటి, అది పండగలో ఏ ఘడియకి పనికొస్తుంది, అన్నీ ఫారంలో నింపాలి. జనం కృతజ్ఞతలు చెప్పుకునే రోజున కూడా ఆ దుకాణానికి సెలవు లేదు. ఆ రోజే గిరాకీ ఎక్కువట.

"పేర్లు చదవ్వే, విని తరిస్తాను," అంది ఫిలిస్. ఆవిడ మెడో తల్లి. డెబ్బై తొమ్మిదేళ్ళు. పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది.

"మంచు మిఠాయి. అల్లం బిస్కెట్. శాంటా గడ్డం. జింగిల్ బెర్రీ. వెచ్చని మేజోళ్ళు."

"మేజోళ్ళా? డబ్బిచ్చి మరీ మేజోళ్ళ వాసన పీలుస్తారా?"

"అది భావన, అమ్మమ్మా."

"మా రోజుల్లో పోలీసు హెలికాప్టర్ వస్తే మొక్కల మధ్య బోర్లా పడుకునేవాళ్ళం. నేరంగా ఉన్నన్నాళ్ళూ దీనికి పేరే లేదు. 'ఉందా?' అంటే 'ఉంది' అనేవాళ్ళం. చట్టం ఒప్పుకున్నాకే ఈ బారసాలలన్నీ మొదలయ్యాయి."

పేర్ల విషయంలో ఆవిడ కాస్త తగ్గి మాట్లాడితే బాగుంటుందని మెడో ఎప్పుడూ అనుకుంటుంది. బ్యాంకు గుమాస్తా కూతురు ఫిలిస్, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో చెప్పుల్లేకుండా ఈ కొండెక్కి, పుట్టిన పిల్లకి మెడో, అంటే పచ్చిక బయలు, అని పేరు పెట్టింది. బడిలో, కోర్టులో, చివరికి లైసెన్సు ఆఫీసులో కూడా మెడో ఆ పేరుని అక్షరం అక్షరం విడదీసి చెప్పుకోవలసి వచ్చింది. అందుకే తన కూతురికి ఆఫీసు పిల్లలా ఉండే పేరు పెట్టింది. పిల్ల ఆఫీసుకే వెళ్ళింది. మూడేళ్ళకి తిరిగొచ్చింది, ఆఫీసుని కూడా వెంటబెట్టుకుని.

తలుపు తెరుచుకుంది. మెడో భర్త గార్త్ కట్టెల మోపుతో వచ్చాడు. వెనకే అతని తమ్ముడు క్లైడ్. రెడింగ్ ఊళ్ళో క్యాంపింగ్ బళ్ళు అమ్ముతాడు. పదకొండేళ్ళుగా ప్రతి థ్యాంక్స్‌గివింగ్‌కీ గంట ముందే వస్తాడు.

"ఏం వదినా, టర్కీ ఏదీ? ఈసారి మొగ్గలే వడ్డిస్తారా ఏమిటి?"

"మీ అన్న కూతుర్ని అడుగు."

"బాబాయ్, నువ్వు కరెక్టుగా వచ్చావు. నీలాంటి మామూలు మనిషి మాట కావాలి," అంటూ కెండల్ ఫోను అందుకుంది. "అల్లం బిస్కెట్ పండగలో ఏ ఘడియకి? చెట్టు అలంకరించేటప్పుడు, కానుకలు విప్పేటప్పుడు, రాజకీయాలు మాట్లాడేటప్పుడు, అత్తగారు వచ్చినప్పుడు. ఒకటే ఎంచుకోవాలి."

"అత్తగారికైతే ఒక్క జాడీ ఎక్కడ సరిపోతుంది," అని గొణిగాడు గార్త్, కట్టెలు పేరుస్తూ.

"విన్నాను అల్లుడూ. నాకింకా చెవుడు రాలేదు."

కెండల్ నవ్వలేదు. "నేనైతే అల్లం బిస్కెట్ అనే రాసేస్తాను. ఒప్పుకుంటే వచ్చే ఏడు కూడా అదే కావాలంటారు. గ్రీన్‌హౌస్‌లో మూల చోటు దానికి కావాలి. ముసల్దాన్ని తీసేద్దాం."

"నన్నా, మొక్కనా?" అంది ఫిలిస్.

క్లైడ్ ఒక్కడే పకపకా నవ్వాడు. గ్రేవీ కలుపుతున్న మెడో చెయ్యి ఆగిపోయింది.

ముసల్దంటే ఆ మూలనున్న తల్లి మొక్క. ఇరవై మూడేళ్ళ వయసులో మెడో రెండు రకాలు కలిపి దాన్ని పుట్టించింది. అప్పట్నుంచీ కొమ్మ కత్తిరించి నాటడం, అది ముదిరితే దాన్నుంచి ఇంకో కొమ్మ. అలా ఇరవై ఏడేళ్ళు. రెండు అడవి మంటలు దాటింది. ఒకసారి పోలీసులు వచ్చి తోటంతా నరికేసిన రోజున, మిగిలిన ఒక్క కొమ్మనీ తడి వార్తాపత్రికలో చుట్టి నెలల పిల్ల కెండల్ మురికి గుడ్డల సంచీలో దాచింది మెడో. వాళ్ళు సంచీ తెరిచారు కానీ, వాసన చూసి మూసేశారు.

దానికున్న జబ్బల్లా ఆలస్యం. మిగతావన్నీ అక్టోబరులో కోతకొస్తే అది నవంబరు సగం దాకా కూర్చుంటుంది. కోశాక ఆరాలి, ఆరాక జాడీలో మగ్గాలి. ఇన్నేళ్ళలో ఒక్క క్రిస్మస్‌కి కూడా అందలేదు. లైసెన్సులో రాసిన చోటు కన్నా అడుగు ఎక్కువ వాడడానికి లేదు. అల్లం బిస్కెట్ వస్తే ఇది పోవాల్సిందే.

"నాకు దానిమీద పగేం లేదమ్మా," అంది కెండల్. ఈసారి గొంతులో ఆఫీసు లేదు. "ఈ కొండమీద ఈ ఏడు మూడు తోటలు మూసేశారు. మనది నాలుగోది కాకూడదనే కదా నేను వచ్చింది. డిసెంబరు దాటితే మనల్ని తలుచుకునేవాడుండడు."

మెడో చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. అల్లం బిస్కెట్ మూత తీసింది. వాసన నిజంగానే బాగుంది. ఓ మొగ్గ తీసి, చెవి దగ్గర పెట్టుకుని కాడ విరిచింది.

విరగలేదు. వంగింది.

"పుటుక్కుమనాలి," అంది. శాంటా గడ్డం తీసింది. అదీ వంగింది. మేజోళ్ళు మరీ మెత్తగా, పేరుకి తగ్గట్టే ఉన్నాయి. "రిబ్బను కట్టే తొందరలో ఆరనివ్వలేదే నువ్వు. క్రిస్మస్ పొద్దున మూత తీస్తే బూజు పలకరిస్తుంది."

"ఫారంలో కాడ గురించి అడగలేదు," అంది కెండల్, నెమ్మదిగా.

"అయినా పండక్కి ఇవన్నీ ఎవడికి కావాలి?" అన్నాడు క్లైడ్, చిక్కుడుకాయ నములుతూ. "పండక్కి నాకు బీరుంది, టీవీలో ఆటుంది. మా ఆవిడకి వాళ్ళక్కతో తగువుంది. ఎవరి కాలక్షేపం వాళ్ళకుంది. జనవరి రెండున చూడాలి నన్ను. చుట్టాలు వెళ్ళిపోయారు. చెట్టు ఎండి వీధిలో పడుంది. నిచ్చెనెక్కి దీపాల తీగ చిక్కులు విప్పుకుంటూ ఒక్కణ్ణే ఉంటాను. మర్నాడు మళ్ళీ బళ్ళమ్మాలి. ఆ రోజుకి ఉందా మీ దగ్గర జాడీ?"

ఫిలిస్ చిక్కుళ్ళు వదిలి, గార్త్ కట్టెలు వదిలి అతనివైపు తిరిగారు. పదకొండేళ్ళలో తన మాట ఇంతమంది విన్నది ఇదే మొదలు కావడంతో క్లైడ్‌కే కంగారు పుట్టి, ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాడు.

ఉప్పు డబ్బా పక్కన రిబ్బను లేని ఆరో జాడీ ఒకటుంది, ముసల్దాని మొగ్గలది. మెడో దాన్ని తెరిచి ఓ కాడ వంచింది. అదీ విరగలేదు. కానీ దాన్ని ఏ పండక్కీ ఎవరూ రమ్మనలేదు, తీరిగ్గా ఆరొచ్చు. మూత పెట్టకుండా అలాగే వదిలేసింది.

తర్వాత బల్ల మీది జాడీలన్నీ ఒక్కొక్కటే తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. కెండల్ అడ్డు చెప్పలేదు. చివరిదాన్ని తనే అందించింది.

మూడింటికి రావాల్సిన టర్కీ మూడున్నర దాటాక వచ్చింది. క్రాన్‌బెర్రీ పచ్చడి వచ్చింది. అందరూ కూర్చున్నాక, తినేముందు ఎవరు దేనికి కృతజ్ఞులో చెప్పడం మొదలైంది. గార్త్ వానకి చెప్పాడు. ఫిలిస్ హెలికాప్టర్ లేని ఆకాశానికి చెప్పింది. క్లైడ్ గ్రేవీకి చెప్పాడు. కెండల్ గడియారం వంక చూసి, "నేనింకా ఆలోచిస్తున్నాను," అంది. నాలుగుకి పది నిమిషాలుంది.

మెడో వంతు వచ్చింది. రొట్టెల బుట్ట తల్లి వైపు జరుపుతూ, ఉప్పు అందివ్వమన్నంత మామూలుగా అంది.

"దుకాణానికి రాసెయ్ కెండల్. క్రిస్మస్ చోటు మనకొద్దు. ముసల్ది మగ్గాక పంపుతాం. పేరు, జనవరి రెండు. తల్లి మొక్క ఉన్నచోటే ఉంటుంది. ఏ ఘడియకని అడిగితే, అందరూ వెళ్ళిపోయాక అని రాయి."