తుడిచేసిన సుద్దగీత

సందు చివర రేకుల షెడ్డు రోజూ ఏడింటికి తెరుచుకుంటుంది. మెకానిక్కు ముందు నేల ఊడుస్తాడు. తర్వాత స్పానర్లన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా బల్ల మీద వరసగా పేరుస్తాడు. అతని భార్య వెనకనున్న ఇంట్లోంచి మూడు మెట్లు దిగి రెండు గ్లాసుల టీ తెస్తుంది. తాగుతూ ఆ రోజు ఏ బండి వస్తుందో, ఏ డ్రైవరుకు కుర్చీ వెయ్యాలో మాట్లాడుకుంటారు.

కుర్చీ వెయ్యక తప్పదు. ఇంజను తిప్పే తిప్పుడును వెనక చక్రాలకు మోసుకుపోయే పొడుగాటి ఇనుప గొట్టం ఒకటుంది చూడండి, షాఫ్టు, అది దింపితే ఆ బండి డ్రైవరు కాళ్ళు ఆగిపోతాయి. చక్రాలకు ఇంజనుతో పొత్తు తెగిపోతుంది, ఏళ్ళ తరబడి ఆ బండి తోలిన మనిషి కాళ్ళకు ఒంటితో పొత్తు తెగిపోతుంది. మళ్ళీ బిగించగానే లేచి వెళ్ళిపోతారు. కాకపోతే సాయంత్రంలోగా బిగించాలి. పాదాల్లో మొదలైన చలి గంటగంటకూ పైకి పాకుతుంది. అది నడుము దాటిందంటే ఇక లేవడం ఉండదు. బిగించేది కూడా విప్పినట్టే బిగించాలి. పక్క వీధి పీతబాబాయి బండి షాఫ్టును ఎవరో తొందరలో ఒక బోల్టు పక్కకు జరిపి బిగించారు. అప్పటినుంచి ఆయన నడక పక్కవాటే. "ఇటేనా బాబాయ్, అటా?" అని అడిగి మరీ జనం దారిస్తారు.

ఆ రోజు వచ్చిన బండి మెకానిక్కు మామగారిది.

అయిదేళ్ళలో ఆయన ఆ షెడ్డు వైపు రాలేదు. ఒక్కగానొక్క కూతురు తనకు మాటైనా చెప్పకుండా పెళ్ళి చేసుకుంది, అదీ గోళ్ళలో గ్రీజు వదలని మనిషిని. కూతురు రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపి మాట్లాడతాడు గానీ, ఆ మూడు మెట్లు ఎక్కనన్నాడు, ఎక్కలేదు. ముప్ఫై ఏళ్ళుగా టీచర్లనూ నర్సులనూ ఎక్కించుకుని కొండదారిలో వ్యాను తోలడమే ఆయన పని, ఆయన బతుకు. ఈమధ్య బండి కదిలేటప్పుడు వెనకాల టక్కుమంటోంది. దిగుడులో మూలుగుతోంది. ఎప్పుడూ చూసే మెకానిక్కు చెయ్యి విరిగి మంచం పట్టాడు. అలాగే తోలితే ఏదో ఒక మలుపులో షాఫ్టు తెగి పడుతుందని ఆయనకు తెలుసు. వెనక సీట్లలో పదిమంది ఉంటారనీ తెలుసు. అందుకని పళ్ళు బిగించుకుని వచ్చాడు.

"మెకానిక్కు గారూ, మీకు తీరికైతే కాస్త చూస్తారా?" అన్నాడు. అల్లుణ్ణి గారూ అని, మీరూ అని పిలవడం ఆయన తిట్టే పద్ధతి.

"కూర్చోండి మామయ్యా, చూస్తాను."

చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డుపెట్టి, జాకీతో లేపి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టాడు మెకానిక్కు. షాఫ్టు వెనక కొసన పళ్ళెంలాంటి అంచు ఒకటుంటుంది. దానికి ఎదురుగా, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ పెట్టెకు ఇంకో అంచు. రెండిటినీ నాలుగు బోల్టులు కలిపి పట్టుకుంటాయి. విప్పేముందు రెండు అంచుల మీదా కలిసేలా ఒక గుర్తు పెట్టుకోవాలి. ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఆ గుర్తు జన్మలో పోదు. ఆ సమయానికే కుర్చీలోంచి మామగారు, "విప్పుతారా, లేక బండితో ఇంకా పరిచయాలు అవుతున్నాయా?" అన్నాడు. మెకానిక్కుకు చెవులు వేడెక్కాయి. ఉలి చేతికి దొరకలేదు. జేబులో ఉన్న సుద్దముక్కతో చప్పున ఒక గీత గీసేసి స్పానరు అందుకున్నాడు.

నాలుగో బోల్టు వదిలేసరికి పెద్దాయన కాళ్ళు ఆగిపోయాయి. కూతురు దుప్పటి తెచ్చి మోకాళ్ళ మీద కప్పింది. ఆయన వద్దనలేదు.

షాఫ్టు జాయింటులో కూడిక గుర్తులా ఉండే ఇనుప ముక్క, క్రాసు, అరిగిపోయి, దాని కప్పుల్లోని సన్నటి బేరింగు సూదులు ఎర్రటి పొడి అయిపోయాయి. టక్కుమన్నది అక్కడే. మెకానిక్కు పాత క్రాసు తట్టి ఊడదీసి, కొత్తది కూర్చి, గ్రీజు పట్టించి, షాఫ్టును బల్ల మీద పెట్టి బండి కిందికి దూరాడు. డిఫరెన్షియల్ మూత విప్పితే నూనె నల్లగా, సన్నటి ఇనుప రజనుతో మెరుస్తూ దిగింది. లోపలి గేర్ల పళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. నూనె కారిపోతున్నది దాన్ని ఆపే ముందు రబ్బరు సీలు దగ్గర. దాన్నీ మార్చాలి.

పైన పెద్దాయన చేతులు ఊరుకోలేదు. కాళ్ళతో పాటు చేతుల్ని కూడా కట్టేసి కూర్చోబెడతారా, ఆ షాఫ్టు ఇలా ఇస్తే తుడుస్తాను కదా అని కూతురి మీద విసుక్కున్నాడు. ఆమె దాన్ని ఎత్తి కుర్చీ చేతుల మీద అడ్డంగా పెట్టి, గుడ్డా కిరోసిన్ డబ్బా ఇచ్చింది. తను నేల మీద కూర్చుని, మూత కింద వేసే దళసరి కాగితాన్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తోంది. బోల్టు బెజ్జాలు కూడా తప్పకుండా వస్తున్నాయి. ఆయన కాసేపు చూశాడు. తన బండి తుడవమంటే ఏనాడైనా తుడిచావా అని దెప్పాడు. నువ్వు ఎప్పుడైనా ఎవరినైనా తుడవనిచ్చావా నాన్నా అని ఆమె తల ఎత్తకుండానే అంది.

నాలుగయింది. సీలు పడింది, మూత పడింది, నూనె నిండింది. చలి పెద్దాయన మోకాళ్ళు దాటింది. మెకానిక్కు షాఫ్టు కోసం వచ్చి, దాన్ని చేతుల్లోకి తీసుకుని, అంచును వెలుతురుకు తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. అది అద్దంలా ఉంది. తుప్పు మరక లేదు, మురికి చార లేదు. సుద్దగీత లేదు.

కూతురి చూపు గుడ్డ మీద పడింది. నల్లటి మరకల మధ్య చిటికెడు తెలుపు. పెద్దాయన కూడా దాన్నే చూస్తున్నాడు.

"తుడిచింది నేనే," అన్నాడు.

"సుద్దతో గీసింది నేను," అన్నాడు మెకానిక్కు. "ఉలితో కొట్టాల్సింది. తప్పు నాది మామయ్యా."

నాలుగు బోల్టులు, నాలుగు తీర్లు. వాటిలో ఆయనది ఒక్కటే. వాచీ చూసుకోవడం మానేసి కూతురు తండ్రి దుప్పటిలోకి చెయ్యి పెట్టింది. తొడలు సగం దాకా రాయిలా ఉన్నాయి. స్పానరు పెట్టి గట్టిగా బిగించనంతవరకూ ఏదీ ఖాయం కాదు, వేళ్ళతో తిప్పి చూద్దాం అన్నాడు మెకానిక్కు. కిందికి దూరి షాఫ్టు ఎత్తిపట్టాడు. కూతురు కూడా పాక్కుంటూ వెళ్ళి బోల్టులు అందించింది.

మొదటి తీరుకు పెద్దాయన పాదాలు ఒకటి అటూ ఒకటి ఇటూ విచ్చుకున్నాయి. "పీత," అన్నాడాయన. బోల్టులు ఊడదీశారు. రెండో తీరుకు మడమలు నేలను టకటకా కొట్టడం మొదలుపెట్టాయి, కుర్చీతో సహా ఊగిపోయాడు. ఊడదీశారు. ఒక బోల్టు జారి బండి కింద ఎక్కడికో దొర్లిపోయింది. దాన్ని వెతికేసరికి చలి తొడలంతా పాకింది. ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్న తీరు చూస్తే, కొండమలుపులో స్టీరింగు పట్టుకున్నట్టుంది.

మూడో తీరుకు పాదాలు మెత్తగా సర్దుకున్నాయి. వణుకు లేదు. వేళ్ళు సూటిగా వాకిట్లోకి, రోడ్డు వైపుకు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళు ఆయన్ని పొద్దున్నే బండి దగ్గరికి తీసుకుపోయిన పాదాలు అవే.

నాలుగోది కూడా చూడందే స్పానరు పెట్టనన్నాడు మెకానిక్కు. ఒకసారి తప్పు చేశాడు కదా, రెండోది చెయ్యదలుచుకోలేదు. పావు తిప్పు తిప్పి వేళ్ళతో బిగించాడు. ఈసారీ వణుకు లేదు. పాదాలు అంతే మెత్తగా కదిలి, కుర్చీని కూడా తమతో తిప్పుకుని, వేళ్ళు వెనకనున్న ఇంటి మెట్ల వైపుకు పెట్టి ఆగాయి.

బండి కింద భార్యాభర్తలు ఆ పాదాలను చూశారు. ఆమె చేతిలో స్పానరు ఉంది. ఆమె దాన్ని అందించలేదు, వెనక్కి తీసుకోలేదు. మెకానిక్కు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"ఇది కాదు మామయ్యా," అన్నాడు. "మీది మూడోదే. విప్పుతున్నాను."

మెకానిక్కు ఒక బోల్టు వదులు చేశాడు.

"ఎన్నిసార్లు విప్పుతావురా?" అన్నాడు పెద్దాయన. "చలి నడుము దాకా వచ్చేసింది. బిగించెయ్."

కూతురు బండి కింది నుంచి వచ్చి దుప్పటిలోకి చెయ్యి పెట్టింది. నడుము దగ్గర వెచ్చగానే ఉంది. చలి అక్కడికి ఇంకా జానెడు దూరంలో ఉంది. ఆమె తండ్రి ముఖం చూసింది. ఆయన రేకుల కప్పులో ఏదో చిల్లు ఉన్నట్టు పైకి చూస్తున్నాడు.

"అవును," అని ఆమె వంగి భర్తకు చెప్పింది. "టైము లేదు. బిగించు."

నాలుగు బోల్టులూ ఒకదానికొకటి ఎదురెదురుగా బిగిసాయి. పెద్దాయన లేచి నిలబడ్డాడు, రెండడుగులు వేశాడు, పడలేదు. వ్యాను స్టార్టు చేసి సందు చివరి దాకా తోలి, వెనక్కి వచ్చాడు. టక్కుమనలేదు, మూలగలేదు. మర్నాడు టీచర్లనూ నర్సులనూ కొండ ఎక్కించాడు, దించాడు. బండి నీళ్ళలా పోయిందని చెప్పుకున్నారు.

సాయంత్రం వ్యాను దిగగానే ఆయన కాళ్ళు ఆయన్ని సందులోకి తీసుకొచ్చాయి. షెడ్డు దాటించి మూడు మెట్లు ఎక్కించాయి. ఆయన ముఖం మాత్రం వద్దన్నట్టే పెట్టుకున్నాడు. దారిలో ఎదురైన వాళ్ళకు, షాఫ్టు అలా బిగించారు, నేనేం చెయ్యను అని చెప్పాడు. జనానికి ఇందులో వింతేమీ కనబడలేదు. పాపం అనుకుని దారిచ్చారు.

రోజూ సాయంత్రం ఇదే తంతు. పది రోజులు చూసి మెకానిక్కు ఉండబట్టలేకపోయాడు. భోజనాల దగ్గర, ఆదివారం బండి తెస్తే పావు తిప్పు వెనక్కి వేస్తానని, అరగంట పనేనని మామగారితో అన్నాడు. కూతురు వడ్డించే గరిటె ఆగింది.

"బండి బాగానే పోతోంది కదా," అన్నాడు పెద్దాయన. "ఊరికే దాన్ని కెలకడం ఎందుకు?"

అని, కాళ్ళను బల్ల కింద ఇంకాస్త లోపలికి చాపుకున్నాడు.