ఏడుసార్లు విరిగిన కొక్కెం

ఆ రోజు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

మా అమ్మాయి క్రేన్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరు. ఆ రోజు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తోంది. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న నాకు అది ఫోన్‌లో ఎవరితోనో అంటున్న మాట వినబడింది.

"పొద్దున్నుంచీ ఏడుసార్లు విరిగింది కొక్కెం. మేనేజరుకి ఇప్పుడే చెప్పకు. సాయంత్రానికి సరిచేసి పంపుతా."

చేతిలో చొక్కా జారిపోయింది. మా ఆయన కూడా అదే కంపెనీలో బల్లమీద పెన్సిల్‌తో బొమ్మలు గీసేవారు. అప్పట్లో కొక్కెం విరిగిందంటే ఇనుమే విరిగినట్టు. ఒకసారి ఆయన గీసిన కొక్కెం విరిగి, కింద నిలబడ్డ కూలీ పాదం నుజ్జయింది. ఆయన పోయేదాకా ఎవరు ఆ మాటెత్తినా కంచం ముందు నుంచి లేచిపోయేవారు. ఇప్పుడు ఏడుసార్లా? పైగా దాస్తోందా?

కంపెనీ ఫోర్‌మన్ మా ఆయనతో పనిచేసినవాడే. ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, మా పిల్ల గీసిన కొక్కెం చెయ్యకండి. విరిగిపోతోందట. ఎవరికీ చెప్పకుండా దాస్తోంది."

ఫోర్‌మన్ హడలిపోయి, అమ్మాయి అంతకుముందు పంపిన కొక్కేల పని కూడా ఆపించేశాడు. గంటలో మేనేజరు దానికి ఫోన్ చేశాడు. మాట్లాడినంతసేపూ అది నన్నే చూసింది.

"విరిగింది ఇనుము కాదమ్మా, తెరమీద బొమ్మ," అంది తర్వాత. "ఎంత బరువుకి ఎక్కడ విరుగుతుందో కంప్యూటరే ముందు చూపిస్తుంది. ఇక్కడ వందసార్లు విరగ్గొట్టుకునేది అక్కడ విరక్కుండా ఉండాలనే. బొమ్మ సరయ్యాకే మేనేజరుకి చెబుతాం. సరే, అది నీకు తెలీదు. నేను దాస్తానని ఎలా అనుకున్నావు?"

భయమేసిందంటే సరిపోతుందా? కన్నకూతుర్ని దొంగని చేశాను.

కంప్యూటర్ నా వైపు తిప్పింది. కొక్కెం వంపు లోపల, విరిగినచోట ఎర్రగా ఉంది.

"మీ నాన్నదీ అక్కడే విరిగింది," అన్నాను.

అది కాసేపు ఆ ఎరుపునే చూసి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "మామయ్యకి నువ్వే చెప్పు."

చెప్పాను. ఫోర్‌మన్ నవ్వాడు. "పోనీలే చెల్లెమ్మా, పని మళ్లీ మొదలుపెట్టిస్తా. మేనేజరుకీ నేను చెబుతాలే. రేపు పిల్ల కూర మాడ్చినా నాకే ఫోన్ చేస్తావా ఏమిటి?" అతని వెనక ఇంకెవరో నవ్వడం వినబడింది.

అమ్మాయి పనిలో పడింది. కాసేపటికి తలెత్తకుండానే అంది:

"ఎనిమిదోసారి విరిగింది. ఫోన్ నీ పక్కనే ఉంది."

ఫోన్ బోర్లా పెట్టి, కింద పడ్డ చొక్కా తీసుకున్నాను.