హన్మండ్లు సార్ లైవ్‌లో చూసిన మ్యాచ్

ఆ ఉదయం జమునను కుర్చీలోంచి లేపడానికి మూడు కుట్రలు జరిగాయి. మూడూ విఫలమయ్యాయి. నాలుగో కుట్ర జమునది.

2013 జూన్ నెల, బుధవారం. ఎల్లారెడ్డి శివారులో పొలం ఒడ్డున ఉన్న ఇంట్లో హన్మండ్లు సార్ టీవీ ముందు కూర్చున్నాడు. పక్క కుర్చీలో జమున. తెర మీద అమెరికా బాస్కెట్‌బాల్ ఫైనల్స్, ఆరో మ్యాచ్. అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారింది. శాన్ ఆంటోనియో గెలిస్తే కప్పు వాళ్లదే. మయామీ గెలిస్తే ఇంకో మ్యాచ్.

కానీ ఆ గదిలో పందెం కప్పు కోసం కాదు. సార్ మెడలో వేలాడుతున్న స్టీలు విజిల్ కోసం.

హన్మండ్లు సార్ ముప్పై ఏళ్లు పిల్లలకు ఆటలు నేర్పి రిటైరయ్యాడు. ఎల్లారెడ్డి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది. నేల చదును చేసింది ఆయన, స్తంభాలు పాతింది ఆయన. విజిల్ ఎవరి మెడలో ఉంటే జట్టు వాళ్లది. జమున ఆయన తయారుచేసిన పిల్లే. తండా నుంచి వచ్చి, యూనివర్సిటీకి ఆడి, కోచింగ్ చదువు చదివి తిరిగొచ్చింది. ఏడాదిగా ఆ విజిల్ అడుగుతోంది.

అడగడానికి కారణముంది. కిందటేడు కామారెడ్డిలో జరిగిన ఫైనల్లో జట్టు నాలుగు పాయింట్లు వెనక ఉంది. ఇంకా నిమిషం ఆట మిగిలింది. సార్ లేచి, "అయిపోయింది. బస్సుకు టైమయింది" అంటూ సంచులు సర్దడం మొదలుపెట్టాడు. మైదానంలో ఉన్న అయిదుగురు పిల్లలూ ఆ సంచుల వైపు చూశారు. ఆట అక్కడే చచ్చిపోయింది. ఆగస్టులో మళ్లీ అదే పోటీ. ఈసారి కూడా విజిల్ సార్ మెడలోనే ఉంటే సంచులు కూడా ఆయన చేతిలోనే ఉంటాయి.

ఆమె అడిగిన ప్రతిసారీ ఆయన ఒకటే అనేవాడు.

"నువ్వు పెద్ద మ్యాచ్ ఒక్కటన్న లైవ్‌ల చూసినవా?"

"రికార్డింగులు శాన చూసిన సార్."

"రికార్డింగు! సల్లారిన ఛాయ్! ఎవలు గెలుస్తరో తెల్సినంక చూసేది గూడ చూసుడేనా? తొంభై ఎనిమిదిల, కామారెడ్డిల, మన యాకూబు దుకాణంల నేను కండ్లార చూసిన. షికాగో మ్యాచ్. అయిదు సెకన్లున్నయ్. అడ్డమున్నోడు గటు జారిండు. షికాగో ఆయన గిట్ల ఆగిండు. చెయ్యి గిట్ల లేపిండు..."

ఇక్కడ సార్ తన కుడిచేతిని పైకెత్తి, మణికట్టు వంచి, కాసేపు అలాగే నిలబడేవాడు. జట్టులో ప్రతి పిల్లకూ ఆ చెయ్యి కంఠతా వచ్చు.

చివరికి మొన్న ఆయన షరతు పెట్టాడు. "నా పక్కపొంటి కూసోని ఒక్క మ్యాచ్ మొదట్నుంచి ఆఖరుదాంక లేవకుండ చూడు. లేస్తివా, మల్ల విజిల్ మాట ఎత్తొద్దు."

"మీరు లేస్తే?"

"నేనా?" సార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను లేస్తే విజిల్ నీదే, తీస్కపో."

ఇక కుట్రలు.

మొదటిది మొదటి క్వార్టర్‌లో. "బిడ్డా, జర మంచినీళ్లు తెస్తవా?" జమున తన సంచిలోంచి సీసా తీసి అందించింది.

రెండోది విరామంలో. సార్ భార్య కమలవ్వ పళ్లెం నిండా పచ్చిమిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. కారానికి లేచి చెంబు వెతుక్కుంటుందని సార్ ఆశ. జమున బజ్జీలు తిన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ కదలలేదు. సార్‌కే ఎక్కిళ్లు వచ్చాయి.

మూడోది మూడో క్వార్టర్‌లో. బయట నుంచి పక్కపొలం ముత్తయ్య గొంతు: "జమునా! మీ అమ్మొచ్చింది! బయటికి రావాల్నట!"

"మా యాడి డోంగ్లి ఊర్ల పెండ్లికి పోయింది. ఎల్లుండి వస్తది" అంది జమున తెర మీదినుంచి చూపు తిప్పకుండా. "ముత్తయ్యన్నకు ఒక బజ్జీ పంపుండ్రి సార్. పాపం, గొంతు నొస్తుండొచ్చు."

సార్ దగ్గాడు. కమలవ్వ నవ్వు దాచుకోవడానికి తరుగుతున్న బెండకాయల మీద వంగింది.

ఆఖరి క్వార్టర్. ఆఖరి నిమిషం. మయామీ అయిదు పాయింట్లు వెనకబడింది. ఇరవై ఎనిమిది సెకన్లున్నాయి. తెర మీద జనం లేచి గుంపులుగా ద్వారాల వైపు నడుస్తున్నారు. కప్పు ఇచ్చే తతంగం కోసం కాబోలు, మైదానం అంచున సిబ్బంది పసుపు తాడు పట్టుకొచ్చారు.

అప్పుడే కిటికీ అవతల కరెంటు బుగ్గ వెలిగింది.

ఆ కుర్చీని జమున ఊరికే ఎంచుకోలేదు. కిటికీ కనిపించేది అక్కడినుంచే. పొలంలో మోటరు స్టార్టర్ డబ్బా మీద ఒక బుగ్గ వేలాడుతుంది. త్రీఫేజ్ కరెంటు వస్తేనే వెలుగుతుంది. అది వెలిగిందంటే చుట్టుపక్కల రైతులంతా ఉరుకుతారు. ముందు మోటరు వేసినవాడికి నీళ్లు. అందరూ ఒక్కసారే వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ రోజుకు అంతే. సార్ నారుమడి రెండు రోజులుగా నోరు తెరుచుకుని ఉంది.

జమున గొంతు సవరించుకుంది. ఎంతో వినయంగా, ఎంతో మెల్లగా అంది:

"సార్. బుగ్గ వెలిగింది."

సార్ కిటికీ వైపు చూశాడు. టీవీ వైపు చూశాడు. మళ్లీ కిటికీ వైపు చూశాడు. ముత్తయ్య అప్పటికే ఒడ్డు మీద లుంగీ ఎగ్గట్టి పరుగెడుతున్నాడు.

"అయిపోయింది" అన్నాడు సార్. "అయిదు పాయింట్లు! ఇంక ఏముంటది?"

లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

తెర మీద మయామీ మూడు పాయింట్ల బంతి వేసింది. అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు దొరికితే ఒకటే పడింది. తేడా ఇప్పుడు మూడు. మయామీ మళ్లీ వేసింది, తప్పింది. బంతి బోర్డు కింద మయామీవాడి చేతికే చిక్కింది. మయామీ ఆటగాడు రే అలెన్ వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ మూలకు పోయాడు. కాళ్లకింద మూడు పాయింట్ల గీత ఎక్కడుందో చూడనైనా లేదు. బంతి అందింది. లేచాడు. వేశాడు.

అయిదు సెకన్లు మిగిలుండగా లెక్క సమమైంది.

"ఓయమ్మో!" బెండకాయలు నేల మీద దొర్లాయి. బాస్కెట్‌బాల్ ఓనమాలు తెలియని కమలవ్వ లేచి నిలబడింది. జమున లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

మిగిలిన సెకన్లు గడిచాయి. అదనపు సమయం మొదలవబోతోంది.

ఢాం!

బయట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మెరుపు మెరిసింది. టీవీ నల్లబడింది. ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారే వేశారు. సార్ మోటరూ అందులో ఒకటి.

మోకాళ్లదాకా బురదతో సార్ తిరిగొచ్చాడు. "ఫ్యూజు పోయింది. పోతే పోనీ, మ్యాచ్ అయిపోయినంకనే పోయింది."

కమలవ్వ నోరు తెరిచింది. జమున ఆమె చెయ్యి నొక్కింది.

"ఎవరు గెలిచిండ్రు సార్?"

"ఏందే గట్ల అడుగుతవ్? శాన్ ఆంటోనియో! నీ కండ్ల ముందట్నే గద!"

"మరి మీరు లేసిండ్రు గద?"

"మ్యాచ్ అయిపోయినంక లేసుడు లేసుడెట్లయితది?"

"అయితే కామారెడ్డి పోదాం సార్. యాకూబు చాచ ముందట మీరే చెప్పుండ్రి. ఆయన ఏదంటే అది."

సార్‌కు ఆ ఆలోచన భలే నచ్చింది. ఇస్త్రీ చొక్కా తొడిగాడు.

బస్సులో సార్ ముందు సీట్లో కూర్చున్నాడు. కండక్టర్ తన విజిల్ రెండుసార్లు ఊదాడు, బస్సు కదిలింది. ఒకసారి ఊదితే ఆగుతుంది, రెండుసార్లు ఊదితే పోతుంది. దారి పొడుగునా సార్ శాన్ ఆంటోనియో విజయాన్ని కండక్టర్‌కు, ఇద్దరు రైతులకు, మేకపిల్లను పట్టుకున్న ఒక అవ్వకు వర్ణించాడు.

వెనక సీట్లో జమున ప్రతి మాటా వింటోంది. లెక్క సమమైందని తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలియదు. అదనపు సమయంలో శాన్ ఆంటోనియోనే గెలిచి ఉంటే? "నేను చెప్పలే?" అంటాడు సార్. ఇక ఆ మెడలోంచి విజిల్ ఈ జన్మలో ఊడదు.

కామారెడ్డి. యాకూబు ఆటసామాన్ల దుకాణం. యాకూబు గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. లోపల చిన్న టీవీ నడుస్తోంది.

"యాకూబూ! చూసినవా?" సార్ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"చూసిన భాయ్." యాకూబు ముఖంలో ఏ భావమూ లేదు. అతను జమున వైపు ఒకసారి చూశాడు. జమున కనురెప్ప ఒకటి వాల్చింది. "నువ్వు పూరా చూసినవా?"

"పూరా! కండ్లార!"

"పసుపు తాడు తెచ్చిండ్రా?"

"తెచ్చిండ్రు. కప్పు ఇయ్యనీకి."

"కప్పు ఇచ్చిండ్రా?"

సార్ కాలరు సర్దుకున్నాడు. "ఇచ్చిండ్రు."

"ఎవలు ఎత్తిండ్రు?"

"అందరు కల్సి ఎత్తిండ్రు! కప్పు బరువుంటది గద!"

యాకూబు చేతిలోంచి సూది జారింది. నవ్వుతూ నవ్వుతూ వల మీద పడిపోయాడు.

"అరె హన్మండ్లు భాయ్! మయామీ గెలిచింది. ఎక్‌స్ట్రా టైముల. కప్పు ఇంక డబ్బలనే ఉన్నది. ఎల్లుండి మల్ల మ్యాచ్. ఆడ గూడ నీ లెక్కనే శానమంది లేసి పోయిండ్రట. మల్ల తలుపుల కాడికి ఉరికొస్తే లోపటికి రానియ్యలే!"

జమున ఊపిరి వదిలింది. సార్ అక్కడున్న బంతుల బుట్ట మీద కూలబడ్డాడు.

"నువ్వు మారవు భాయ్" అన్నాడు యాకూబు కళ్లు తుడుచుకుంటూ. "తొంభై ఎనిమిదిల గూడ గింతే గద."

సార్ తల గిరుక్కున తిరిగింది. "యాకూబూ, వల కుట్టుకో."

"ఏంది చాచా?" అంది జమున.

"షికాగోళ్లు మూడు పాయింట్లు ఎనుకున్నరు. ఈయన అయిపోయింది అన్నడు. ఎల్లారెడ్డి బస్సుకు టైమయింది అని లేసి పాయె. షాట్ చూసింది నేను. పొద్దుగూకినంక ఈయనకు ఫోన్‌ల చెప్పిన. అడ్డమున్నోడు గటు జారిండు, షికాగో ఆయన చెయ్యి గిట్ల లేపిండు..."

యాకూబు కుడిచేతిని పైకెత్తి మణికట్టు వంచాడు. అదే చెయ్యి. పదిహేనేళ్లుగా ఎల్లారెడ్డి పిల్లలు నేర్చుకున్న చెయ్యి.

సార్ జమున వైపు తిరిగాడు.

"బుగ్గ వెలిగిందని నాకు చెప్పింది ఎవలు?" అన్నాడు సార్ చివరికి.

"నేనే సార్."

"కావాల్నని?"

"కావాల్ననే. గని మ్యాచ్ అయిపోయిందని మాత్రం నేను చెప్పలే. అది మీరే అన్నరు. పోయినేడు గూడ మీరే అన్నరు."

సార్ ఆమెను ఎగాదిగా చూశాడు. మెడలోంచి విజిల్ తీశాడు. చొక్కా అంచుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంక సంచులు నేను సర్ద."

"సంచులు మీరే పట్టుకోండ్రి సార్. జిప్పులు ఏసుడు మాత్రం ఆట అయినంకనే."

అప్పుడే టీవీలో ఆ షాట్ మళ్లీ వేశారు. బస్టాండు నుంచి ఎల్లారెడ్డి బస్సు హారన్ వినిపించింది. సార్ లేవలేదు. యాకూబు ఛాయ్ తెప్పించాడు. షాట్ మళ్లీ వేసిన ప్రతిసారీ సార్ చూశాడు. పెదవులు కదుపుతూ, బట్టీ పడుతున్నట్టుగా చూశాడు. అప్పుడే జమునకు అనుమానం రావాల్సింది.

సాయంత్రం బస్సు. అదే కండక్టర్. సార్ ముందు సీట్లో, జమున వెనక. బస్సు ఊరు దాటిందో లేదో సార్ గొంతు లేచింది.

"అయిదు సెకన్లున్నయ్. అందరు అయిపోయింది అనుకున్నరు. మా జమునైతే మోటరు ఎయ్యనీకి లేసే పోయింది! నేను కదల్లే. అలెన్ గిట్ల ఎనుకకెనుకకు పోయిండు. నేను కండ్లార..."

కుడిచెయ్యి పైకి లేచింది. మణికట్టు వంగింది.

కీఁ...చ్!

విజిల్ మోగింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. బస్సు పొలాల మధ్య నిలబడిపోయింది. ప్రయాణికులంతా ముందుకు తూలారు.

"ఎవల్రా విజిల్ గొట్టింది?" కండక్టర్ అరిచాడు.

"నేనే అన్నా" అంది జమున. "ఫౌల్."

సార్ లేపిన చెయ్యి మెల్లగా దించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

కండక్టర్ ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "ఫౌలైతే అయింది గని, రెండుసార్లు ఊది బండి పోనియ్యి తల్లీ. చీకటైతది."