కుంచెలు కడిగే వేళ

కుంచెలు కడగడానికి అరగంట పడుతుందని మా ఆయన ఓబెద్ నమ్మకం. నిజానికి అది పది నిమిషాల పని. కాస్త టర్పెంటైను, కాస్త సబ్బు, ఒక పాత గుడ్డ ఉంటే చాలు. మిగిలిన ఇరవై నిమిషాలూ నావి. పెళ్ళయిన ఏడేళ్ళలో నావి అని చెప్పుకోగలిగినవి అవే కాబట్టి వాటి సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఓబెద్ ఊరూరా తిరిగి మనుషుల బొమ్మలు వేస్తాడు. చలికాలం రాగానే కాన్వాసులూ రంగులూ నన్నూ మంచు మీద జారే స్లెడ్జి బండి మీదికి ఎక్కించి మసాచుసెట్స్ కొండ ఊళ్ళ మీద పడతాడు. బొమ్మ వేయించుకునే వాళ్ళింట్లోనే బస, వాళ్ళతోనే భోజనం. కాన్వాసు బిగించి పూత పుయ్యడం నా పని. రాతి పలక మీద సీసపు తెలుపు పొడిని అవిసె నూనెతో భుజాలు పడిపోయేదాకా నూరడం నా పని. గౌన్లూ లేసులూ కుర్చీ కోళ్ళూ కిటికీ అవతలి చెట్లూ నేనే వేస్తాను. ఇవి కాక, తిండి పెట్టే ఇంట్లో ఊరికే కూర్చుంటే బాగుండదని ఆ ఇంటి అంట్లు కూడా తోముతాను. ఎవరైనా అడిగితే, "మా జెరూషా సాయం చేస్తుంది, బట్టలవీ నింపుతుంది," అంటాడు ఓబెద్, నేనేదో పరుపులో దూది నింపుతున్నట్టు. ముఖం మాత్రం ఆయనే వెయ్యాలి. ముఖానికి మగవాడి బుర్ర కావాలని వాళ్ళమ్మ చెప్పింది.

చిక్కంతా వాళ్ళమ్మతోనే. ఓబెద్ ఎవరి ముఖం వేసినా అందులో మా అత్తగారు ప్రత్యక్షమవుతుంది. అవే బిగబట్టిన పెదాలు, ఎవరో చెంచా దొంగిలించారన్నట్టు చూసే అవే కళ్ళు. మిల్లు యజమాని భార్యని వేసినా ఆవిడే, పదేళ్ళ పిల్లని వేసినా ఆవిడే. పాపం కావాలని చేసేది కాదు, ఆయన జీవితంలో జాగ్రత్తగా చూసిన ముఖం అదొక్కటే. అయితే నూనె రంగు రెండు మూడు రోజులదాకా ఆరదు. దేవుడు ఆ ఏర్పాటు నా కోసమే చేశాడని నా అనుమానం. మర్నాడు పొద్దున ఫలహారం అయ్యాక మగవాళ్ళు పులిసిన ఆపిల్ రసం, అదే సైడరు, లోటాలతో పట్టుకుని ఎన్నికల గురించి వాదించుకుంటుంటే, కుంచెలు కడిగే నెపంతో నేను ముందు గదిలోకి వెళ్ళి, అత్తగారిని తుడిచేసి, కూర్చున్న మనిషిని తెచ్చిపెడతాను. కనురెప్ప దగ్గర ఒక గీత, పెదవి చివర కాస్త నీడ, అంతే. సత్రాల బోర్డుల మీద బొమ్మలు వేసే మా నాన్న నాకు నేర్పిన పని ఇది. ఆయన బోర్డుల మీద గుర్రాలకి కూడా దేని ముఖం దానికుండేది. ఆ మధ్యాహ్నం ఓబెద్ బొమ్మని చూసుకుని, "నిన్న ఇంత బాగున్నట్టు లేదు. ఒక పూట ఆగితే రంగు తేరుకుంటుంది," అని మురిసిపోతాడు. తేరుకున్నది రంగు కాదని నేననను.

ఈ ఫిబ్రవరిలో చర్చి పెద్ద డీకన్ ట్రీట్ గారింట్లో దిగాం. ముందు ఆయన భార్య హల్డా గారి బొమ్మ వెయ్యాలి. నలభై ఏళ్ళ మనిషి. ఆరుగురు పిల్లలు, ఒక అత్తగారు, పదకొండు ఆవులు. పగటిపూట చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"కదలకండమ్మా," అన్నాడు ఓబెద్.

"నేనెక్కడ కదిలాను నాయనా, నా చెవి కదిలింది. పొయ్యిలో రొట్టె పెట్టొచ్చాను."

ముందు గదిలో ఉన్నా వంటింట్లోనే తిరిగే ఆ చూపు నాకు తెలుసు. నా చూపూ అదే, మా అమ్మ చూపూ అదే. కానీ హల్డా గారి చూపులో ఇంకొకటి ఉంది, మాడితే మాడనీ, ఇవాళ్టికి నేను కూర్చున్నాను అనే కొంటెతనం. ఓబెద్ దాన్ని చూడలేదు. ఆయన వేసింది బోనెట్ టోపీ పెట్టుకున్న మా అత్తగారిని. ఆవిడ నాకు బాగా నచ్చడం వల్ల మర్నాడు నా ఇరవై నిమిషాల్లో కాస్త అతి చేశాను. కళ్ళని వంటింటి వైపు తిప్పాను. పెదాల మీదికి ఆ నవ్వు తెచ్చాను.

బొమ్మ పూర్తయ్యాక చుట్టాలూ ఇరుగుపొరుగూ చేరి పోలిక కుదిరిందో లేదో తేల్చడం మా వైపు ఆచారం. కుదరలేదంటే పెట్టె సర్దుకోవాల్సిందే. డీకన్ గారి తల్లి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇది నా కోడలే. నేను మాట్లాడుతుంటే వినకుండా పొయ్యి వైపు చూస్తోంది."

అందరూ పగలబడి నవ్వారు. డీకన్ గారు ఓబెద్ చెయ్యి పట్టుకుని ఊపేశారు. "ఆ చూపు ఎలా పట్టారండీ?"

"అది నేర్పితే వచ్చేది కాదండీ. పుట్టుకతో రావాలి," అన్నాడు ఓబెద్ వినయంగా.

నేను అందరికీ ఆపిల్ పళ్ళు కూరిన తీపి రొట్టె ముక్కలు అందిస్తున్నాను. ఆ పళ్ళెం ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. అదే క్షణంలో, వాళ్ళంతా నవ్వుతున్నది నేను పెట్టిన నవ్వు చూసేనని గుర్తొచ్చి ఒళ్ళంతా సంతోషంతో తేలిపోయింది.

సాయంత్రం అంట్లు తోముతుంటే హల్డా గారు పక్కన చేరి తడి పళ్ళేలు తుడవడం మొదలుపెట్టింది.

"మొన్న సాయంత్రం అది నా ముఖం కాదు. నిన్న మధ్యాహ్నానికి నాదయింది. మధ్యలో ఆ గదిలోకి వెళ్ళింది నువ్వొక్కదానివే," అంది.

తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాను. "ఎవరికీ చెప్పకక్కా."

"నేనెందుకు చెప్తానే పిల్లా. చెప్పాల్సింది నేనా?"

మర్నాడే మా అత్తగారి ఉత్తరం వచ్చింది. మేపుల్ చెట్ల రసం కాచి చక్కెర తీసే రోజులు వచ్చేశాయనీ, తన నడుం పనిచెయ్యడం లేదనీ, కోడల్ని వెంటనే పంపమనీ రాసింది. బట్టలు నింపేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారని కింద ఒక ముక్క. ఓబెద్ అప్పటికే నిర్ణయించేశాడు.

"డీకన్ గారి బొమ్మ అవగానే నేను ఆల్బనీ పోతాను. పెద్ద ఊరు, పెద్ద మనుషులు. అక్కడ నూరిన రంగులే అమ్ముతారట, నీకు శ్రమ తప్పుతుంది. నిన్ను గురువారం బండి ఎక్కిస్తాను, టిక్కెట్టు కూడా కొనేశాను," అన్నాడు.

ప్రేమగానే అన్నాడు, అదే నా ఖర్మ. అత్తగారింట్లో కుంచెలుండవు. చక్కెర అయ్యాక సబ్బు, సబ్బు అయ్యాక అవిసె నార, తర్వాత ఆపిల్ పళ్ళు. ఒకసారి ఆ గుమ్మం ఎక్కితే నా చెయ్యి మళ్ళీ ముఖం వెయ్యదని నాకు స్పష్టంగా తెలుసు. భయం వేసింది. ఏడుపొచ్చినంత పనైంది కానీ, అప్పటికి నూరాల్సిన తెలుపు ఇంకా సగం ఉంది.

డీకన్ గారు కూర్చున్నారు. ఓబెద్ సోమవారం ముఖం వేశాడు. చూడబోతే కోటు తొడుక్కున్న మా అత్తగారు. మంగళవారం పొద్దున నేను ఆ గదిలోకి వెళ్ళి కుంచెలు కడిగాను. కుంచెలే కడిగాను. పది నిమిషాల్లో బయటికొచ్చి, హల్డా అక్కతో కూర్చుని బీన్సు ఒలిచాను. ఓబెద్ మధ్యాహ్నం కాన్వాసు ముందు నిలబడి ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు, కిటికీ తెర తీసి మళ్ళీ చూశాడు. రంగు తేరుకోలేదు.

బుధవారం పొద్దున నేను కుంచెలు తుడుస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ మధ్య కుంచెలు తొందరగా అయిపోతున్నాయే," అన్నాడు.

"పది నిమిషాల పనేగా."

గొంతు సవరించుకున్నాడు. "ఇంకో ఇరవై నిమిషాలు తీసుకో. ఆ కళ్ళు కాస్త చూడు. ఎప్పుడూ చూస్తావుగా, అలాగే."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. ఏడేళ్ళుగా ఆ పిల్లిని నేనే. ఆయనకి అంతా తెలుసు. తెలిసే ప్రతి ఊళ్ళోనూ చేతులు ఊపించుకున్నాడు. తెలిసే నన్ను చక్కెర కాచడానికి పంపుతున్నాడు. కోపంతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే, చెప్పడానికి సిగ్గేస్తుంది కానీ, నవ్వొచ్చింది. ఏడేళ్ళు ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఎంత కష్టపడ్డాం. ఇక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఒళ్ళు తేలికైంది.

కుంచెలు గుప్పిట్లో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. డీకన్ గారు లోటాలో రెండో విడత సైడరు పోసుకుంటున్నారు.

"ముందు గదిలోకి వచ్చి కూర్చోండి డీకన్ గారూ. వెలుతురు బాగుంది. మీ ముఖం నేను వేస్తాను."

ఆయన నా వెనకున్న ఓబెద్ వైపు చూశారు. ఓబెద్ పైకప్పు వైపు చూశాడు. డీకన్ గారు భార్య వైపు చూశారు. హల్డా అక్క పిండి చేతులు నడుం మీద పెట్టుకుని, "నేను మూడు రోజులు కూర్చున్నాను. మీకేం, కూర్చోండి," అంది. ఆయన లోటా పెట్టేసి లేచారు. పెద్దావిడ కూడా తన కుర్చీ లాక్కుంటూ వెనకాలే బయల్దేరింది.

తెలుపులో కాస్త ఎరుపు కలిపి, మొట్టమొదటిసారి, నలుగురి ముందు, పట్టపగలు, ఒక మనిషి కళ్ళలోకి సూటిగా చూశాను. గోధుమ రంగు కళ్ళు, ఎడమది కాస్త చిన్నది. ఆ ఎడమ కంటితోనే మొదలుపెట్టాను.

ఓబెద్ నా చెవి దగ్గరికి వంగి, "మరి నేనేం చెయ్యను?" అన్నాడు.

"రేపటి బండికి టిక్కెట్టు కొన్నారుగా," అన్నాను కాన్వాసు మీంచి చూపు తిప్పకుండా, "మీరు వెళ్ళండి. చక్కెర కాచడానికి అత్తయ్యకి మనిషి కావాలట."