మాస్టారి వంతు పాటలు

ఆ గదిలో పనిచేసేది ముగ్గురే. ఆరు చేతుల్లో ఒక్కటీ ఖాళీగా ఉండదు. ఒకరివి తడి ప్లాస్టర్‌లో, ఒకరివి కరిగిన మైనంలో, ఒకరివి గిర్రున తిరిగే పాలిష్ చక్రం మీద. పళ్ళ డాక్టర్లు తీసిన నోటి అచ్చులు ఆ గదికి వస్తాయి, కట్టుడు పళ్ళై తిరిగి వెళ్తాయి.

చేతులు ఖాళీ ఉండవు కాబట్టే అక్కడ పాటలకొక నియమం పుట్టింది. రోజుకొకరి వంతు. వంతు ఉన్నవాళ్ళు పని మొదలుకాకముందే తమ ఫోన్‌ను కిటికీ పక్క అరలో పెట్టి, స్పీకరుకు కలిపి, షఫుల్ నొక్కేయాలి. భోజనం వేళ దాకా మళ్ళీ దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ప్లాస్టర్ పని చూసే అచ్చులక్క ఒకసారి నచ్చని పాట మార్చబోతే చేతి ముద్ద ఫోను మీద పడి గట్టిపడింది. "ఫోనుక్కూడా పళ్ళ సెట్టు కట్టావక్కా!" అని పాలిష్ బావ ఆరు నెలలు నవ్వాడు. అప్పట్నించీ ఏ పాట వస్తే ఆ పాట, చచ్చినట్టు చివరిదాకా వినాల్సిందే.

పాలిష్ బావ ఎవరికీ బావ కాడు. ఎవరినైనా ఆటపట్టిస్తాడు కాబట్టి ఆ పేరు నిలిచింది. నోట్లో మంచిముక్క ఉన్నా అది బయటికి వచ్చేలోపు దాన్ని కూడా పదును పెట్టి వదిలే రకం.

మైనం పని మాస్టారిది. అచ్చు మీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, వేడి కత్తితో చిగురు దిద్దడం ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పని. ఆయన బల్ల మీద దీపం పక్కన చిన్న గాజు పెట్టె ఉంటుంది. అందులో మెత్తటి గుడ్డ మీద పై వరసా కింది వరసా. అవి ఆయన భార్యవి. చిగుళ్ళ జబ్బుతో ఆవిడ పళ్ళన్నీ పోయినప్పుడు రెండు రోజుల పనిని పదకొండు రోజులు చేశారు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ల్యాబు చూడ్డానికి ఏ కొత్త డాక్టరు వచ్చినా మాస్టారు ఆ పెట్టె తెరిచేవారు.

"మూడేళ్ళు వాడింది సార్. చూడండి, ఒక్క పన్నైనా అరిగిందా? నొప్పి అన్న మాట ఒక్కరోజు అనలేదు. నేను చేసినవాటిలో ఇదే మేలైనది."

ఆ మాట అన్నప్పుడల్లా పాలిష్ బావ తల దించుకుని చక్రం దగ్గర మరీ దీక్షగా పనిచేసేవాడు. అతని భుజాలు అదిరేవి. మెషిను అదురు అనుకునేవారు మాస్టారు.

ఇన్నేళ్ళలో మాస్టారు పాటల వంతు తీసుకున్నది లేదు. ఆయన ఫోనులో పాటలుండవు. పాటలన్నీ ఆవిడ ఫోనులో ఉండేవి. తొమ్మిది వందల పైచిలుకు, ఎవరెవర్నో అడిగి, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నవి. ఆవిడ పోయాక ఆ ఫోను చార్జింగు పెట్టి, సాయంత్రాలు షఫుల్ నొక్కి కూర్చోవడం ఆయనకు అలవాటైంది. జాబితా ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఏ పాట వెనక ఏది వస్తుందో తెలియకపోవడమే ఆయనకు కావలసింది. ఆవిడ బతికున్నప్పుడు కూడా వంటగదిలోంచి ఏ కూనిరాగం ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు?

ఒక సాయంత్రం రెండు పాటల మధ్య ఆవిడే పలికింది. "సబ్బు తీసుకురండి. సన్న సూదులు కూడా. సరేనా?" అంతే. ఎప్పుడో తనకు రికార్డు చేసి పంపిన మాట. ఆ ఫోనుకు పాటేదో మాటేదో తెలియక అన్నీ ఒకే మూటలో కట్టేసినట్టుంది. 'స' అన్నప్పుడల్లా సన్నటి ఈల. మాస్టారు లేచి నిలబడిపోయారు. ఎనిమిది నెలల్లో ఆ మాట మూడుసార్లు వచ్చింది. వెతికి వినొచ్చు, కానీ వెతకలేదు. తనంతట తాను వస్తేనే అది రావడం.

ఆ వారం పాలిష్ బావ వెంటపడ్డాడు.

"ఏం మాస్టారూ, మా పాటలన్నీ పుణ్యానికి విని మీ వంతు ఎగ్గొడుతున్నారు! మీ ఇంట్లో పాటలకు కూడా పళ్ళు ఊడిపోయాయా?"

"నోరు కడుక్కోవయ్యా కాస్త," అంది అచ్చులక్క.

మర్నాడు మాస్టారు ఆవిడ ఫోను పట్టుకొచ్చారు. ఆవిడ ఇష్టాలు నలుగురి చెవిన పడితే బాగుంటుందనిపించింది. మూడు మాటల ముక్క సంగతి గుర్తొచ్చింది గానీ, తొమ్మిది వందల పాటల్లో అది ఇవాళే వస్తుందా అనుకున్నారు. వస్తే మాత్రం ఏం పోయింది అని కూడా అనుకున్నారు. షఫుల్ నొక్కి, దీపం వెలిగించుకున్నారు.

మొదటి రెండు గంటలు హాయిగా గడిచాయి. జోలపాట వెనక జోరుపాట, దాని వెనక ఎవరో ముసలాయన వేణువు.

"మీ ఆవిడ టేస్టు గట్టిదే మాస్టారూ. మిమ్మల్ని ఒక్కర్నే ఎక్కడో పొరబడి ఏరుకున్నట్టుంది," అన్నాడు పాలిష్ బావ. మాస్టారు కూడా నవ్వారు. ఆయన చేతిలో ఎవరో ముసలావిడ సెట్టు ఉంది, ముందు ఆరు పళ్ళూ నిలబెడుతున్నారు. సాయంత్రానికి ఇవ్వాలి.

వేణువు ఆగింది.

"సబ్బు తీసుకురండి. సన్న సూదులు కూడా. సరేనా?"

పాలిష్ బావ పగలబడి నవ్వాడు. "ఓరి నాయనో! మాటా, కుక్కరు విజిలా? అక్కా, విన్నావా? పై ముందు పళ్ళు గోరంత బయటికొచ్చాయి. ఎవడు పెట్టాడో గానీ వాడి చెయ్యి విరగ్గొట్టాలి!"

ఆ గదిలో ఎవరికైనా అది చెవిన పడగానే తెలిసిపోతుంది. ఈల ఎక్కడుంటే తప్పు అక్కడుంటుంది. మాట విని పన్ను జరపడం వాళ్ళకు కూడూగుడ్డా పెట్టే విద్య. మాస్టారు మూడు సాయంత్రాలు అదే ఈల విని, అది ఆవిడ ముద్దుమాట అనుకుని మురిసిపోయారు.

"నోరు ముయ్యి. అది మాస్టారి ఇంటావిడ గొంతు," అంది అచ్చులక్క.

"అయ్యో, అలాగా?" అన్నాడు పాలిష్ బావ. అతని మొహంలో అయ్యో ఎక్కడా లేదు. "మరి మీరే కదా మాస్టారూ పెట్టింది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పోన్లెండి, పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం."

"ఆవిడ మాట తీరే అంత," అన్నారు మాస్టారు.

"సొంత పళ్ళున్నప్పుడు కూడా ఈల వేసేదా?"

మాస్టారు ఇంకో పన్ను చేతిలోకి తీసుకున్నారు. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి అసలే రాలేదు. ఒక పాట వచ్చింది, పోయింది. ఆయన చేతిలోని పన్ను ఇంకా మైనంలో నిలబడలేదు.

తర్వాత మళ్ళీ మాటే వచ్చింది. ఇది ఆయన ఎన్నడూ విననిది.

"చెల్లీ, నేనే..."

పళ్ళు లేని నోరు. పెదవులు లోపలికి మడిచి పలికే మెత్తటి మాట. ఆ గొంతు ఆవిడదని పోల్చుకోవడానికి మాస్టారికి ఒక్క క్షణం పట్టింది. అచ్చులక్క ముందే పోల్చుకుంది. ముద్ద చేతులతోనే అర వైపు కదిలింది.

"ఉంచమ్మా," అన్నారు మాస్టారు. "ఇంకాస్త ఉన్నట్టుంది."

సరిగ్గా వినపడాలని పాలిష్ బావ చక్రం ఆపేశాడు. అది అతను చేసిన ఒకే ఒక్క మర్యాద.

"...మీ పిల్ల పెళ్ళికి రాలేనే. ఒంట్లో బాగాలేదని చెప్పు. నలుగురిలో ఆ పళ్ళు పెట్టుకుని అన్ని గంటలు కూర్చోవడం నా వల్ల కాదు. నోట్లో గులకరాళ్ళు పోసినట్టుంటుంది, నెత్తురొస్తుంది. ఇంట్లో తీసేసే ఉంటాను. మెత్తగా వండుకుని ముందే తినేస్తాను. సాయంత్రం గేటు గడియ చప్పుడు వినపడగానే పరిగెత్తి పెట్టుకుంటాను, ఆయన నిద్రపోగానే తీసేస్తాను. నువ్వు మాత్రం నోరు జారకు. ఆ మనిషికి ఈ లోకంలో ఉన్న గర్వం అదొక్కటే. నా నోరే కదా, పంటి బిగువున భరిస్తాలే." ఇక్కడ ఆవిడ నవ్వింది. "అదుగో, ఆ బిగించడానికే పళ్ళు లేవు. ఉంటానే."

వెంటనే జోరుపాట ఒకటి అందుకుంది. డప్పులు, ఈలలు. నియమం ప్రకారం దాన్ని ఎవరూ ఆపలేదు.

మాస్టారు గాజు పెట్టె తెరిచారు. పై వరస తీసి కిటికీ వెలుగుకు పట్టుకున్నారు. ఒక్క పన్నూ అరగలేదు. ముప్పై నాలుగేళ్ళు పళ్ళతో బతికిన మనిషి, నమిలిన పన్ను అరుగుతుందని తెలిసిన మనిషి, అరగని పళ్ళను చూసి అది తన పనితనం అనుకున్నాడు.

"ఇవి..." అన్నారు.

"వాడనివి," అన్నాడు పాలిష్ బావ. "పాలిష్ చేసింది నేనే కదా మాస్టారూ. నా చక్రం మెరుపు ఇంకా చెక్కుచెదరలేదు. అన్నం తిన్న పళ్ళ మీద అది ఆరు నెలలు నిలవదు."

"నీకు ముందే తెలుసా?"

"పెట్టె మొదటిసారి తెరిచిన రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు తెరవడం మానేస్తారుగా!" పాలిష్ బావ చేతులు తుడుచుకున్నాడు. "ఈ దుమ్ములో మాకు మాత్రం కాలక్షేపం ఉండొద్దా? అసలు ఆ డాక్టర్లకు తెలియదనుకున్నారా? మీరు 'ఒక్క పన్నైనా అరిగిందా సార్' అన్నప్పుడల్లా గుమ్మం దాటేదాకా పాపం ఎలా ఆపుకునేవాళ్ళో! పోయినసారి వచ్చినాయన మెట్ల మీద కూలబడి నవ్వాడు."

మాస్టారు అచ్చులక్క వైపు చూశారు. ఆవిడ తల దించుకుంది. అంటే ఆవిడకీ తెలుసు. ఆవిడ నవ్వలేదని మాత్రం ఆయనకు నమ్మకం. ఆ పూటకు ఆయనకు దక్కింది అంతే.

అచ్చులక్క కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గోళ్ళ సందులు కూడా గీరుకుని, తుడుచుకుని వచ్చి పాట ఆపింది. ఆ గదిలో భోజనం వేళ కాకుండా పాట ఆగడం అదే మొదలు. పాలిష్ బావ "నియమం, నియమం" అన్నాడు గానీ ఆవిడ చూసిన చూపుకు చక్రం తిప్పుకున్నాడు.

మాస్టారు పెట్టె మూసి సొరుగులో పెట్టారు. కత్తి వేడి చేసి, పొద్దుటినుంచి నిలబెట్టిన పళ్ళ కింది మైనం కరిగించి, ఒక్కొక్కటీ పీకేశారు. మళ్ళీ మొదటి పన్ను దగ్గర మొదలుపెట్టారు. ఎవరో ముసలావిడ. ఈవిడకైనా ఇంట్లో నొప్పిగా ఉందా అని అడిగేవాళ్ళు ఉంటే బాగుండు అనుకున్నారు.

సాయంత్రం ఫోను జేబులో వేసుకుని ఇంటికి నడిచారు. గేటు దగ్గర ఆగారు. వచ్చీ రాగానే గడియ గట్టిగా లాగడం ఆయన అలవాటు. ఆవిడ ఎప్పుడూ కాస్త ఆలస్యంగా, చేత్తో నోరు తుడుచుకుంటూ, నవ్వుతూ తలుపు తీసేది. ఆ ఆలస్యానికి ఎన్నోసార్లు విసుక్కున్నారు కూడా. "చెవుడొచ్చిందా ఏమిటి? ఎంతసేపు నిలబెడతావ్?" అనేవారు.

మాస్టారు గడియ రెండుసార్లు గట్టిగా లాగి చప్పుడు చేశారు. ఆవిడకు ఎంతసేపు పడుతుందో అంతసేపు బయటే నిలబడ్డారు. తర్వాత తాళంచెవి తీసి తలుపు తెరిచారు.