పెదనాన్న కుట్టిన పెళ్ళిబట్టలు

మా వంశంలో మక్కాకి నడిచి వెళ్ళినవాడున్నాడు, ముగ్గురు భార్యలని ఒకే వంటింట్లో సర్దుకొచ్చినవాడున్నాడు. అయినా ఇంట్లో పిల్లలు మనవాళ్ళ కథ చెప్పమంటే మేం చెప్పేది మౌగూద్ పెదనాన్న గురించే. నిజానికి ఆయన ఎక్కడికీ పోలేదు. నేను పుట్టకముందు ఇంట్లోకి వచ్చి కూర్చున్న మనిషి, నాకు పదహారేళ్ళు వచ్చేదాకా గడప దాటలేదు.

అంతకు ముందు ఆయన చెరకు రైలు నడిపేవాడు. మా ఊరు కోమ్ సఫీర్ తోటల్లో నరికిన చెరకంతా ఫ్యాక్టరీకి చేర్చే బుల్లి రైలు అది. కుదురుగా కూర్చోవడం చేతకాని మనిషనీ, రొట్టె కూడా నిలబడే తినేవాడనీ నానమ్మ నఫూసా చెప్పేది.

కాలవ నీళ్ళ దగ్గర వచ్చిన తగువులో మా తాతయ్య, జహ్రాన్ అనే మరో వంశంవాళ్ళ ఖలఫ్‌ని పారతో కొట్టాడు. పొద్దువాలే లోపల ఖలఫ్ ప్రాణం పోయింది. తాతయ్యని జైల్లో వేశారు. రెండో చలికాలంలో జ్వరం వచ్చి ఆయనా అక్కడే పోయాడు. సర్కారుకి సంబంధించినంతవరకు కథ ముగిసింది. జహ్రాన్ వాళ్ళకి ముగియలేదు. మా వైపు ప్రాణానికి ప్రాణమే. చంపినవాడు లేకపోతే అతని పెద్దకొడుకు. ఆ పెద్దకొడుకు పెదనాన్న.

ఇంట్లో ఉన్నవాణ్ణి చంపడం మాత్రం ఎవరికైనా తలవంపులే. అందుకని గడప లోపల ఉన్నంతకాలం ఆయన జోలికి ఎవరూ రారు. గడప బయట, చెరకు పక్కనో మసీదు దారిలోనో, ఎక్కడ దొరికితే అక్కడ.

కైరోలో మా నానమ్మ తమ్ముడు ఇటుకల బట్టీ నడిపేవాడు. పెదనాన్నని అక్కడికి పంపేద్దామనుకున్నారు. నానమ్మ రొట్టెలు, బెల్లం మూట కట్టింది. పడవ మాట్లాడారు. బయల్దేరబోతూ ఆయన ఒకే ఒక్క మాట అడిగాడట.

"నేను దొరక్కపోతే, తర్వాత ఎవరు?"

మా నాన్న ఫావీ అప్పటికి మీసం రాని పిల్లాడు, వాకిట్లో గోళీలాడుకుంటున్నాడు. పెదనాన్న కాసేపు అటే చూసి మూట విప్పేసి, రొట్టెలు మళ్ళీ గంపలో పెట్టేశాడు. ఆయన కళ్ళెదురుగా ఇంట్లో ఉంటేనే జహ్రాన్ వాళ్ళు ఆయన కోసం కాచుకుంటారు. ఆయన పారిపోతే నాన్న కోసం చూస్తారు. అంతే లెక్క.

మిద్దె మీది గది ఆయనకిచ్చారు. ఎదురుగా ఖర్జూరం చెట్లెక్కి ఎవడైనా గురిపెడతాడేమోనని నానమ్మ పిట్టగోడ మీద మట్టి ఇటుకలు పేర్పించి ఎత్తు చేసింది. దాంతో ఆయనకి ఆకాశం తప్ప ఏమీ కనపడకుండా పోయింది. మొదట్లో స్నేహితులు వచ్చి టీ తాగి, ఊరి కబుర్లు చెప్పి పోయేవాళ్ళు. వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, రాకడ తగ్గింది. ఆయనకెవరు పిల్లనిస్తారు? రేపో మాపో విధవయ్యే సంబంధం ఎవరికి కావాలి?

ఆయన బుద్ధిమంతుడిలా కూర్చున్నాడని నేను చెప్పను. ఒక ఎండాకాలం నీళ్ళకుండలన్నీ పగలగొట్టాడట. ఇంకో ఏడు ఎవరితోనూ మాట్లాడలేదట. నాకు జ్ఞాపకం ఉన్న మనిషి మాత్రం మిద్దె గోడ వెంబడే గుండ్రంగా తిరిగేవాడు. ఆ తిరుగుడుకి మట్టి నేల మీద కాలిబాట పడింది, వాన వస్తే ఆ బాటలో నీళ్ళు నిలిచేవి.

నానమ్మ ఊళ్ళో పెళ్ళిబట్టలు కుట్టేది. ఆమెకి చూపు మందగించాక పెదనాన్న సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. తర్వాత అంచులు మడిచి కుట్టాడు. తర్వాత మిషన్ ముందు తనే కూర్చున్నాడు. మగవాడు కుట్టిన పెళ్ళిబట్ట కట్టుకోడానికి మా ఊరి ఆడపిల్లలు ఒప్పుకుంటారా? అందుకని పేరు నానమ్మదే, పని ఆయనది. ఆ సంగతి తెలిసిన బయటి మనిషి ఒక్కతే, ఉమ్ బిషాయ్. గాడిద మీద గుడ్డల మూటలేసుకుని గడపగడపకీ తిరిగే క్రైస్తవురాలు. కొలతలూ గుడ్డలూ తెచ్చేది ఆమే, కుట్టినవి పట్టుకెళ్ళేదీ ఆమే.

"ఏం నాయనా, పొద్దున్నే ఎటు ఊరేగొచ్చావు?" అని మెట్లెక్కుతూనే అడిగేది.

"వంటింటి దాకా పోయొచ్చా, పెద్దమ్మా. దారిలో ఒకటే ఎండ" అనేవాడు ఆయన.

నాన్నతోనే ఆయనకి పొసగేది కాదు. సరిగ్గా చెప్పాలంటే, నాన్నకే పొసగేది కాదు. నాన్న పొలం దున్నాడు, సంతకి పోయాడు, పెళ్ళి చేసుకున్నాడు. డప్పులతో ఊరంతా తిప్పి అమ్మని తీసుకొస్తుంటే ఆ చప్పుడు పెదనాన్న మిద్దె మీద కూర్చుని విన్నాడు. ఆ తర్వాత నాన్న తన అన్న ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి ఉండబట్టలేక అన్నాడు: "నువ్వు పోతే పో, అన్నా. ఏం జరగాలో నాకే జరగనీ. నిన్నిలా చూస్తూ నాకు ముద్ద దిగట్లేదు."

పెదనాన్న కొలత టేపు మెళ్ళోంచి తీశాడు. "చేతులు చాపు. పండక్కి నీ అంగీ ఇంకా కుట్టలేదు" అన్నాడు.

నాకు పదిహేను దాటాక ఒక రంజాను ముందు ఉమ్ బిషాయ్ తెల్ల పట్టుగుడ్డ తెచ్చింది. పక్కూరి పెళ్ళికూతురిదని చెప్పి, కొలతలు అప్పజెప్పి, టీ తాగుతూ ఆ పిల్ల గురించి వాగుతూ పోయింది. బంగారంలాంటి పిల్లట, తండ్రి ముఖమైనా చూడలేదట, తల్లి కడుపులో ఉండగానే ఆయన పోయాడట. చెబుతూ చెబుతూ నాలుక కరుచుకుంది.

పెదనాన్న మిషన్ ఆపేశాడు. "ఎవరి కూతురు?"

ఆమె కాసేపు గ్లాసులోకి చూసింది. "ఖలఫ్ కూతురే" అంది చివరికి. "మీ అమ్మకి తెలిస్తే గుడ్డ వెనక్కి పంపేస్తుందని చెప్పలేదు నాయనా. మీ ఇంట్లో కుట్టిస్తున్నానని వాళ్ళకీ చెప్పలేదు. ఈ చుట్టుపక్కల ఇంత బాగా కుట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?"

ఆ గుడ్డ ఆయన గదిలో మూలన చాలా రోజులు అలాగే ఉంది. వారం తర్వాత నేను రొట్టె తీసుకుని పైకి వెళ్తే, ఆయన దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని ఊరికే తడుముతున్నాడు. ఆ రోజు టీ తెచ్చిచ్చింది నేనే కాబట్టి, ఎవరిదో నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఏమీ అనకుండా కత్తెర అందుకున్నాడు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన ఎన్నో కుట్టాడు గానీ అలాంటిది ఇంకొకటి నేను చూడలేదు. మెడ చుట్టూ, చేతుల అంచులకీ సన్నటి తెల్లదారంతో చెరకుపూత కుట్టాడు. వెలుతురు పడితేనే కనిపిస్తుంది, లేకపోతే లేదు.

పెళ్ళి బాగా జరిగిందట. పెళ్ళికూతుర్ని చూసినవాళ్ళంతా ఆ బట్టల గురించే చెప్పుకున్నారట. ఖలఫ్ తల్లి హాజ్జా నజ్లా అప్పటికి ముసలిదై మంచానికి అతుక్కుపోయింది. ఆమె ఉమ్ బిషాయ్‌ని పిలిపించి, ఇంత మంచి చేతిపని ఉన్న మనిషే నాకు కఫన్ గుడ్డ కత్తిరించి పెట్టాలి అంది. మా పెద్దవాళ్ళు, పోయాక తమకి చుట్టాల్సిన ఆ కఫన్ ముందే సిద్ధం చేసుకుని పెట్టెలో దాచుకుంటారు. గుడ్డ తీసి ఇవ్వబోయింది కూడా.

ఉమ్ బిషాయ్ అన్నీ దాచగలిగింది గానీ చావుగుడ్డ దగ్గర అబద్ధమాడలేకపోయింది. కుట్టింది ఆడమనిషి కాదమ్మా, మౌగూద్ అని చెప్పేసింది. ముసలామె కళ్ళు మూసుకుందట. నిద్రపోయిందేమోనని ఉమ్ బిషాయ్ లేవబోతుంటే అప్పుడు నోరు విప్పింది.

"నాది వాణ్ణి కత్తిరించొద్దను. వాడిది వాణ్ణి కత్తిరించుకుని, చేతులమీద పెట్టుకుని రమ్మను."

ఆ మాటకి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. తన కఫన్ తనే మోసుకుని, తల మీద పాగా లేకుండా, కాళ్ళకి చెప్పులు లేకుండా శత్రువు వాకిట్లో నిలబడాలి. వాళ్ళు ఆ గుడ్డ అందుకుంటే పగ తీరినట్టు. అందుకోకపోతే ఆ గుడ్డ అక్కడికక్కడే పనికొస్తుంది. చెప్పి పంపింది ముసలామె. అందుకోవాల్సింది మాత్రం ఖలఫ్ కొడుకు రిఫాయి. వాడేమనుకుంటున్నాడో ఎవరికీ తెలియదు.

నానమ్మ వద్దంది. అది వల అంది, ఇన్నేళ్ళు కాపాడుకున్నది ఇందుకా అంది. నాన్న నేనూ వెంట వస్తానన్నాడు. పెదనాన్న ఇద్దరికీ అడ్డు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. ఊరి పెద్ద షేక్ దర్దీర్‌ని పిలిపించి, శుక్రవారం నమాజు అయ్యాక వస్తానని వాళ్ళకి కబురు చెప్పమన్నాడు. తర్వాత పైకెళ్ళి గుడ్డ పరిచి కొలుచుకున్నాడు. అందరి కొలతలూ తీసిన మనిషి. తన కొలత తీయడానికి నన్ను పిలిచాడు. టేపు ఒక కొస తల దగ్గర ఆయనే పట్టుకున్నాడు, ఇంకో కొస పాదాల దగ్గర నేను పట్టుకున్నాను. నా చేతిలో టేపు వదులైతే, "గట్టిగా పట్టుకో సబ్రా, పొట్టిదైతే బాగుండదు" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం ఆయన గడప దాటడం మేం ఆడవాళ్ళం తలుపు వెనకనుంచి చూశాం. ఒక కాలు బయట పెట్టి ఆగాడు. కఫన్ మడత రెండు చేతులమీదా ఉంది కాబట్టి తలుపు పట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. షేక్ దర్దీర్ ముందు, నాన్న వెనక. ఊరంతా మిద్దెలెక్కింది. ఇన్నేళ్ళు చాప మీద, మట్టినేల మీద మెత్తబడిన పాదాలాయనవి. కాలుతున్న దుమ్ములో అడుగు పడుతుంటే భుజాలు ఎగిరెగిరిపడటం నాకు మిద్దె మీదికి పరిగెత్తి పిట్టగోడ ఎక్కి చూశాక కనిపించింది. దారి మధ్యలో నడవలేక గోడ పక్కకే ఒరిగిపోతున్నాడు. మిద్దె మీద తిరిగినట్టే తిరుగుతున్నాడు. షేక్ రెండుసార్లు చెయ్యి పట్టి మధ్యకి తీసుకొచ్చాడు.

మిగతాది నాన్న చెప్పగా విన్నదే. జహ్రాన్ వాళ్ళ వాకిట్లో మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు. హాజ్జా నజ్లాని మంచంతో సహా బయటికి తెచ్చి పడుకోబెట్టారు. రిఫాయి భుజాన తుపాకీ ఉంది. పెదనాన్న వెళ్ళి ఎదురుగా నిలబడి చేతులు చాచాడు. రిఫాయి ఆ గుడ్డ వంక చూడలేదు, ఆయన ముఖంలోకే చూశాడు. చిన్నప్పటినుంచీ చంపాలని విన్న మనిషిని వాడు చూడటం అదే మొదలు.

"మా చెల్లెలి బట్టలు కుట్టింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"మా ఇంటి పిల్లదని తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు కుట్టావు?"

"మొదట ముట్టుకోలేదు" అన్నాడు పెదనాన్న. "మీ నాన్న ఉంటే ఆ గుడ్డ తనే కొని తెచ్చేవాడు. కుట్టేవాళ్ళ నెత్తిన కూర్చుని మరీ కుట్టించేవాడు. ఎవరూ కూర్చోలేదు కాబట్టి నేనే జాగ్రత్తగా కుట్టా."

రిఫాయి కదల్లేదు. పెదనాన్న చేతులు బరువుకి కిందికి జారుతున్నాయట, మళ్ళీ పైకెత్తుతున్నాడట. అప్పుడు మంచం మీంచి ముసలామె, "ఎండలో ఎంతసేపు నిలబెడతావురా వాణ్ణి, తీసుకో" అంది. విసుగ్గానే అందట, ప్రేమగా ఏమీ కాదు. రిఫాయి గుడ్డ అందుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళ చిన్నాన్న పొట్టేలుని కోశాడు. అందరూ కలిసి తిన్నారు. పెదనాన్న మాత్రం ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టలేకపోయాడు.

అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నాం. తెల్లారి తలుపు బార్లా తీసి పెట్టింది నానమ్మ. పెదనాన్న వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. మర్నాడూ అంతే, ఆ నెలంతా అంతే. పొలం దాకా వెళ్దాం రమ్మని నాన్న పిలిస్తే లేచి నాలుగు ఇళ్ళు దాటేవాడు, కళ్ళు తిరుగుతున్నాయని వెనక్కి వచ్చేసేవాడు. తిండికీ నిద్రకీ మళ్ళీ మిద్దె గదే. పగ లేదు, కాపలా లేదు. ఆయన మాత్రం లోపలే ఉన్నాడు. అది చూసి నాన్న ఒకరోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. అంతకుముందు నేను ఆయన ఏడవగా చూడలేదు.

ఆ ఏడే నాకు సోహాగ్‌ పట్నంలో పంతులమ్మల చదువులో సీటు వచ్చింది. నాన్న పంపనన్నాడు. ఆడపిల్ల ఒంటరిగా బస్సెక్కడమేమిటన్నాడు. తోడు వెళ్ళాలంటే చెరకు నరుకుడు రోజులు, తనకి తీరదన్నాడు. నిజానికి నాన్నకి ఇష్టం లేదు, అంతే. నేను నోరు మూసుకుని గిన్నెలు తోముకుంటున్నాను. మెట్ల మీంచి పెదనాన్న గొంతు వినిపించింది.

"నేను తీసుకెళ్తా."

నాన్న తిరిగి చూసి, "గల్లీ చివరిదాకా పోలేకపోతున్నావు, సోహాగ్ దాకా ఎలా పోతావు?" అన్నాడు.

"ఈ ఇంట్లో కూర్చోవాల్సింది నేను కూర్చున్నా గదా" అన్నాడు పెదనాన్న. "దీన్ని కూర్చోబెట్టకు."

నాన్న బస్సు డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

బస్సులో ఆయన ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సగం దారిలో కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. వెనక్కి పోదామా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కాలేజీ గేటు దగ్గర కాపలావాడు మగవాళ్ళకి ప్రవేశం లేదన్నాడు. ఆయన బయట అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎండ మీద పడుతోంది, నీడకి జరగలేదు.

నేను చేరడానికి కావాల్సిన పనులన్నీ చూసుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పెదనాన్న అరుగు మీద లేడు. అటూ ఇటూ వెతికితే రోడ్డుకి అవతలి పక్కన, వేరుశెనగకాయలమ్మేవాడి బండి దగ్గర నిలబడి, వాడు ఏ ఊరివాడో కనుక్కుంటున్నాడు. అంత వెడల్పు రోడ్డు ఆయన ఒక్కడే దాటాడు. నన్ను చూసి కాగితం పొట్లం చాచాడు.

"పోదామా, పెదనాన్నా? బస్సు వచ్చే వేళయింది" అన్నాను.

ఆయన రోడ్డు పొడుగునా ఒకసారి అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఇప్పుడే ఎందుకు? సాయంత్రం ఇంకోటి ఉందట" అన్నాడు.