చిన్న టీచరు

బస్సు దిగి, ఉప్పుకాలవ గట్టు మీద మైలు దూరం నడిచి బడి చేరేసరికి రత్నమాణిక్యం టీచరుగారి మోకాళ్ళు ఆ రోజుకి సరిపడా పనిచేసేసి ఉండేవి. అసలు పని అప్పుడే మొదలయ్యేది. మొగల్తూరు అవతల, సముద్రం మోత వినపడేంత దగ్గర్లో, చేపల వేట మీద బతికే కుటుంబాల పేట అది. ఆ పేటకి ఒకటే బడి, బడికి ఒక గది, ఒక వరండా. ఐదు తరగతులూ అందులోనే. రెండో పోస్టులో ఉండాల్సిన సత్తిరాజు మాస్టారు డెప్యుటేషన్ వేయించుకుని భీమవరం వైపు వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆయన కుర్చీ మాత్రం ఇక్కడే ఉంది, అదీ ఒక కాలు విరిగి.

ఒక మనిషి ఐదు తరగతులకి ఒకేసారి పాఠం ఎలా చెబుతుందని పైవాళ్ళెవరూ అడిగిన పాపాన పోలేదు. అడక్కపోగా ఓటర్ల జాబితాలు, పోలియో చుక్కలు, జన్మభూమి సభలు ఆవిడ నెత్తిన పెట్టారు. పిల్లలకి ఆనందంగా పాఠం చెప్పడం ఎలాగో నేర్పడానికి శిక్షణ తరగతులకి కూడా పిలిచేవారు. అక్కడ చప్పట్లు కొడుతూ పాటలు పాడించేవారు. ఆవిడ చప్పట్లు కొట్టి, టీ తాగి, ఇంటికొచ్చి కాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకునేది.

అలాంటి రోజుల్లో దొరికింది వెంకటదుర్గ. ఎండుచేపలమ్మే పెద్దింట్లమ్మ చిన్నకూతురు. మూడో తరగతిలో ఉండగా ఒకనాడు, ఒకటో తరగతి పిల్లలు గోలగోలగా ఏడుస్తుంటే, ఎవరూ చెప్పకుండానే వాళ్ళని వరండా ముందున్న ఇసకలోకి తీసుకెళ్ళి, పుల్లతో బారెడు 'అ' గీసి, దాని మీద ఒకరి వెనక ఒకర్ని నడిపించింది. సాయంత్రానికి ఏడుపులు పోయాయి, 'అ' వచ్చేసింది. మర్నాటి నుంచి వరండా ఆ పిల్లదే. నాలుగులోకి వచ్చేసరికి ఒకటీ రెండూ తరగతులు పూర్తిగా దాని చేతికే వెళ్ళిపోయాయి. పిల్లలు 'చిన్న టీచర్ గారండీ' అని పిలిచేవారు. పెద్దింట్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని అటుగా వెళుతూ, కాసేపు ఆగి చూసి మురిసిపోయేది.

ఎం.ఇ.ఓ. చంద్రరావుగారు తనిఖీకి వచ్చినప్పుడు ఒకటో తరగతి పిల్లలు గడగడా చదివేశారు. "బడంటే ఇలా ఉండాలండి టీచర్ గారూ" అని మెచ్చుకుని, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళారాయన. ఆ మెప్పు తనది కాదని, దుర్గదేనని రత్నమాణిక్యం కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేది. ఆ పిల్లంటే ఆవిడకి నిజంగానే ప్రాణం.

ఐదో తరగతి అయిపోతే ఆ పేట ఆడపిల్లలు వెళ్ళేది రొయ్యల షెడ్డుకి. ఐసునీళ్ళలో చేతులు పెట్టి పొద్దస్తమానం రొయ్యల తలలు తీయడమే పని. దుర్గ అక్క వేళ్ళు అప్పటికే నాని పాలిపోయి ముసలమ్మ వేళ్ళలా ఉండేవి. దుర్గకి ఆ గతి పట్టకూడదని రత్నమాణిక్యం పంతం పట్టింది. మత్స్యకారుల పిల్లలకని పెట్టిన గురుకులం ఒకటుంది. ప్రవేశపరీక్ష నెగ్గితే పదో తరగతి దాకా తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళవే. "దీనికి కాకపోతే ఇంకెవరికొస్తుందమ్మా సీటు" అని పెద్దింట్లమ్మని ఒప్పించి, పరీక్షనాడు నరసాపురం తనే వెంటబెట్టుకెళ్ళింది.

తిరుగు బస్సులో ప్రశ్నపత్రం అడిగి తీసుకుంది.

"తెలుగంతా రాసేశానండి" అంది దుర్గ ఉత్సాహంగా.

"లెక్కలో? ఇదిగో, మూడు బై నాలుగుకి ఒకటి బై రెండు కలపమన్నాడు. ఎంతొచ్చింది?"

"అది ఒదిలేశానండి. అంకె కింద అంకె ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలీదండి."

"అదేంటే, భిన్నాలు మొన్న వానల్లోనే చెప్పాను కదా అందరికీ?"

"ఆయ్, చెప్పారండి. అప్పుడు నేను వరండాలో రెండో తరగతికి గుణింతాలు చెబుతున్నానండి."

"మరి ఈ భాగహారం?"

"అప్పుడు మీరు పోలియో చుక్కలకెళ్ళారండి. ఒచ్చేక లోపల మీరు చెప్పారు గానండి, నేను బయట పిల్లల్ని చూసుకుంటన్నాను కదండి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పైగా కాస్త గర్వం కూడా ఉంది. టీచరుగారి ముఖం చూసి, "అయినా మన పిల్లలకి గుణింతాలన్నీ ఒచ్చేశాయి కదండి" అని ధైర్యం చెప్పింది.

పాఠం చెప్పే పిల్లకి కూడా ఎవరో ఒకరు పాఠం చెప్పాలన్న సంగతి ఇన్నాళ్ళూ రత్నమాణిక్యానికి తట్టనే లేదు. అలిసిపోయి ఉన్నాను, అందుకే తట్టలేదు అనుకుంది. అలసట నిజమే. కానీ ఆ మాట అనుకున్నాక కూడా మనసు ఊరుకోలేదు. బస్సు దిగేదాకా ఆ పిల్ల చెయ్యి వదలకుండా కూర్చుంది.

సీటు రాలేదు.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, రత్నమాణిక్యం సంచీ కూడా దించకుండా నేరుగా పెద్దింట్లమ్మ ఇంటికే వెళ్ళింది. పెద్దింట్లమ్మ పీట వేసింది.

"షెడ్డు మేస్త్రికి చెప్పేశానండి. సోమారం నుంచి రమ్మన్నాడండి."

"ఒక్క ఏడాది నాకివ్వమ్మా. మళ్ళీ పరీక్ష రాయొచ్చు. దానికింకా వయసుంది."

"అంత కష్టపడి చెప్పారు, అయినా రాలేదు. దాని రాతకి మీరేం చేస్తారండి?"

"రాత కాదమ్మా. నేనే దానికి పాఠం చెప్పలేదు."

పెద్దింట్లమ్మ ఆ మాట నమ్మలేదు. టీచరుగారు పెద్దమనసుతో నింద తన మీద వేసుకుంటున్నారనుకుంది. "అయ్యో, అంత మాట ఎందుకండి. ఆ పసోళ్ళతో మీరొక్కరే ఏం పడతారు గానీ, మీకు సాయంగా ఉంటాదంటే పంపుతానండి. ఈ ఒక్క ఏడాదేనండి."

సాయానికి కాదని చెబుదామనుకుంది రత్నమాణిక్యం. ఏ వంకన పంపినా పంపితే చాలనిపించి తలూపింది.

మర్నాడు దుర్గ అందరికంటే ముందొచ్చింది. వరండా ఊడ్చి, ఇసక చదును చేసి, కొత్తగా చేరిన పిల్లల కోసం పెద్ద 'అ' గీసి పెట్టింది.

"ఆ పుల్ల ఇలా ఇవ్వు. నువ్వు లోపలికెళ్ళి ఐదో తరగతిలో కూర్చో" అంది రత్నమాణిక్యం.

"మరి ఒకటో తరగతండి?"

"నేను చూసుకుంటాను."

దుర్గ ముఖం మాడిపోయింది. "నేనేం తప్పు చేశానండి?"

"నువ్వేం చెయ్యలేదే. వెళ్ళి కూర్చో."

తనకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చుని దుర్గ తలొంచుకుంది. కాసేపటికి గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది. రత్నమాణిక్యం బోర్డు మీద ఒక రొట్టె బొమ్మ గీసి, నాలుగు ముక్కలు చేసి, మూడు బై నాలుగంటే ఏమిటో చెప్పింది. కింద రెండు లెక్కలు వేసి చెయ్యమని వరండాలోకి వచ్చింది. గోడ పట్టుకుని ఇసకలోకి దిగేసరికి మోకాళ్ళలో ప్రాణం పోయినట్టయింది. సాయంత్రం దాకా ఇలా లోపలికీ బయటికీ తిరగాలి. రేపూ అంతే, ఏడాది పొడవునా అంతే.

"చిన్న టీచర్ గారు రారాండి?" అన్నాడొకడు. ఆ వెంటనే కొత్తగా చేరినవాడు బావురుమన్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు.

లోపల అలవాటుకొద్దీ దుర్గ సగం లేచి నిలబడింది.

"ఇటు చూడకే. బోర్డు చూడు" అంది రత్నమాణిక్యం.

దుర్గ కూర్చుంది. రత్నమాణిక్యం ఏడుస్తున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని ఇసకలో 'అ' మీద మెల్లగా నడవడం మొదలుపెట్టింది.